రాకెట్టును చూడబోవువారు

మా యింటిలో గడచిన నెలనుండి ఒక ప్రయాణపు ప్రస్తావన సాగుచున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి శ్రీహరికోటకు పోయి రాకెట్టు లేచుటను కన్నులార చూడవలెనని పట్టుపట్టినది. డెబ్బది యెనిమిదేండ్ల మా నాయనగారు మనుమరాలి పక్షము వహించిరి. రేడియో ఉద్యోగి యింటిలో ఈ కోరిక పుట్టుట కొంత విడ్డూరమే. ఇంట గూర్చుండి వినుడని చెప్పుట నా వృత్తి కదా! అయినను టికెట్ల మాట తలపెట్టుటకు ముందు, రాకెట్టును చూడబోయినవారు ఎవరెవరో, వారికి ఏమి దక్కినదో కొంచెము విచారింపవలెనని నాకు తోచినది.

ఈ చరిత్రలో మిక్కిలి పెద్ద తిరునాళ్ల 1969 జులై 16న అమెరికాలోని ఫ్లోరిడా తీరమున జరిగినది. ఆనాటి ఉదయము 9 గంటల 32 నిమిషములకు అపోలో 11 ముగ్గురు మనుష్యులతో చంద్రునివైపు బయలుదేరెను. దానిని మోసిన శాటర్న్ 5 రాకెట్టు ఎత్తు 363 అడుగులు. చూడవచ్చినవారు సుమారు పది లక్షలమంది యని అంచనా. బసలు దొరకక వారిలో అనేకులు కార్లలోను, గుడారములలోను, సముద్రపుటొడ్డున ఇసుకమీదను పిల్లాపాపలతో రాత్రి గడపిరి. మన పుష్కరములకు పోయివచ్చినవారికి ఆ దృశ్యము వేరుగ వర్ణింపనక్కరలేదు.

అయితే ఆ ముందునాడు మరియొక బృందము అచటికి చేరినది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియైన పిమ్మట ఆయన ఉద్యమమునకు నాయకత్వము వహించిన రాల్ఫ్ అబర్నతీ, పేద కుటుంబములను వెంటబెట్టుకొని, కంచరగాడిదలు పూన్చిన బండితో ప్రయోగ కేంద్రమునకు వచ్చెను. ఆకలిగొన్న బిడ్డలున్న దేశములో చంద్రయాత్రకు ఇంత ధనము వెచ్చించుట న్యాయమా యని ఆయన ప్రశ్న. అంతరిక్ష సంస్థ అధిపతి థామస్ పెయిన్ బయటకు వచ్చి, ఆరుబయట నిలిచి ఆయనతో మాటలాడెను. రాకెట్టు మీట నొక్కకుండుటచే పేదరికము తీరునట్లయిన తాము దానిని నొక్కనే నొక్కమని పెయిన్ చెప్పెను. వ్యోమగాముల క్షేమమునకై ప్రార్థింపుడని కోరెను. అబర్నతీ అందుల కంగీకరించెను. వచ్చిన కుటుంబములలో కొన్నిటికి మరునాడు అతిథుల నడుమ కూర్చుండి ప్రయోగమును చూచు అవకాశము లభించినది. అడిగిన ప్రశ్నకు ఆ ప్రవేశపత్రములు సమాధానము కాజాలవు. అయినను ఎదిరింపవచ్చినవారు ఆ యుదయము తలలెత్తి ఆకాశమును చూచిరి. ఆ పది లక్షలమందిలో నాకు వీరే మరల మరల జ్ఞప్తికి వచ్చుచుందురు.

మన శ్రీహరికోట కథలోను కుటుంబముల మాట కలదు. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఆ దీవిని రాకెట్టు కేంద్రమునకై 1969లోనే ఎన్నుకొనిరి. తూర్పున అంతయు సముద్రమగుటచే రాలిపడు భాగములు జనులమీద పడవు. తూర్పుముఖముగ ఎగయు రాకెట్టునకు భూభ్రమణవేగము తోడగును. యోగ్యత కాదనరానిదే. కాని ఆ యడవి అనాదిగా యానాదుల నివాసము. అచట దొరకు దుంపలు, తేనె, చేపలు వారి జీవనాధారము. కేంద్రము ఏర్పడిన పిదప వారిలో పలు కుటుంబములు దీవిని విడిచి తరలవలసివచ్చెను. నేడు రాకెట్టును చూడబోవు మనము ఆ నేలమీదనే అడుగుపెట్టుచున్నాము.

1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో అచట ప్రయోగములు ఆరంభమైనవి. ఉపగ్రహమును మోయగల ఎస్.ఎల్.వి.-3 1979 ఆగస్టు 10న లేచి సముద్రము పాలయ్యెను. ఆ పథకమును నడపినవారు అబ్దుల్ కలాముగారు. పత్రికలవారి యెదుట నిలిచి అపజయ భారమును తలకెత్తుకొన్నవారు సంస్థ అధ్యక్షులు సతీశ్ ధవన్‌గారు. 1980 జులై 18న జయము లభించినప్పుడు వారు కలాముగారినే మాటలాడుమనిరి. ఆ కేంద్రము నేడు ధవన్‌గారి పేరనే యున్నది. ఇవి యన్నియు జరిగిన కాలమున సామాన్యులకు లోనికి ప్రవేశము లేదు. సూళ్లూరుపేట మేడలమీదనుండియు, సరస్సు గట్లనుండియు చూచినవారే ప్రేక్షకులు. ప్రజలకొరకు మెట్ల వరుసలతో ఒక ప్రదర్శనశాలను 2019లో గాని తెరువలేదు. పేర్లు ముందుగా నమోదు చేసికొనవలెను. గుర్తింపు పత్రము వెంట నుండవలెను.

చూడబోవుట యనునది వేడుక మాత్రమే కాదని లోకమునకు తెలిసినది 1986 జనవరి 28న. ఛాలెంజర్ నౌకలో ఏడుగురు కలరు. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అను ఉపాధ్యాయురాలు ఒకరు. ఆమె తల్లిదండ్రులు ప్రేక్షకులలో కూర్చుండియుండిరి. ప్రయోగము అదివరకే పలుమారులు వాయిదా పడినది. ఆ ముందు రాత్రి, చలికి రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు పనిచేయకపోవచ్చునని ఇంజనీర్లు కొందరు అభ్యంతరము చెప్పిరి. అది చెల్లలేదు. లేచిన 73 సెకండ్లకు నౌక ముక్కలయ్యెను. తెల్లని పొగ రెండు పాయలుగ చీలుట చూచియు, ఏమి జరిగినదో క్రిందనున్నవారికి వెంటనే బోధపడలేదు.

ఈ సంగతి చదివిన పిదప నాకు 2019 జులై 15 నాటి రాత్రి వేరుగ కనబడుచున్నది. చంద్రయాన్-2 ఆ వేకువజామున 2 గంటల 51 నిమిషములకు లేవవలసియుండెను. ఆనాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు కూడ విచ్చేసియుండిరి. మేమును విజయవాడనుండి పోయియుంటిమి. ఇంకను 56 నిమిషముల 24 సెకండ్లు మిగిలియుండగా లెక్కింపు ఆగిపోయినది. సాంకేతిక లోపమని మాత్రము ప్రకటించిరి. అప్పటికి ఆరేండ్లదైన మా అమ్మాయి ఏడ్చి ఏడ్చి నాయనగారి భుజముమీద నిద్రపోయినది. సూళ్లూరుపేట స్టేషనులో రైలుకై కూర్చుండి, ఆపినవారిని నేను మనసులో తిట్టుకొంటిని. ఆపుటకు కూడ ధైర్యము కావలెనని అప్పుడు నాకు తోచలేదు. వారమునకే, 22వ తేదీ సోమవారము మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు ఆ రాకెట్టు నిర్విఘ్నముగ లేచినది. నాకు సెలవు దొరకలేదు. ఇంటిల్లిపాదియు రేడియోలో వినిరి.

అందుచే మా అమ్మాయి కోరిక క్రొత్తది కాదు, ఏడేండ్ల నాటి బాకీ. నాయనగారి కంటికి శుక్లముల శస్త్రచికిత్స జరిగి నాలుగు నెలలైనది. దూరదృష్టి బాగుగనే యున్నది. ముందు వెలుగు కనబడునని, ఐదు కిలోమీటర్ల దూరమున నిలిచినవారికి శబ్దము సుమారు 15 సెకండ్ల పిదప గాని చేరదని చెప్పగా, ఆ నడుమ ఏమి చేయవలెనని మా అమ్మాయి అడిగినది. మాటలాడకుండుమని నాయనగారు చెప్పిరి.

సూళ్లూరుపేటలో రెండు రాత్రులు బసకు ఏర్పాటు చేయదలచితిని. తిరుగు ప్రయాణపు టికెట్టు మాత్రము, ప్రయోగము ముగిసిన తరువాతనే కొనవలెనని ముగ్గురము ఒప్పుకొంటిమి.