ఒకే సింఫనీ, ఎనభై ఏళ్ల రికార్డులు

బీథోవెన్ ఐదో సింఫనీ తొలిసారి వినిపించింది 1808 డిసెంబర్ 22న, వియన్నాలో. ఆ సింఫనీ మొత్తం గ్రామఫోన్‌కు ఎక్కడానికి వందేళ్లకు పైనే పట్టింది. తొలినాటి పూర్తి రికార్డుల్లో బాగా పేరున్నది కండక్టర్ ఆర్థర్ నికిష్ 1913 నవంబర్‌లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసినది.

అప్పటికి రికార్డింగులో మైక్రోఫోన్ల వాడకం రాలేదు. వాద్యకారులు పెద్ద బూర ముందు ఒకరికొకరు ఆనుకున్నట్టు కూర్చునేవారు. బూర పట్టిన కంపనాలను సూది మైనం మీద గాడిగా చెక్కేది. మంద్రనాదం దానికి సరిగా అందేది కాదు కాబట్టి ఆ రోజుల్లో డబుల్ బేస్‌కు తోడుగానో బదులుగానో ట్యూబా వాడడం మామూలే. రికార్డుకు ఒక్కో పక్క పట్టేది నాలుగైదు నిమిషాల సంగీతమే. ఇవన్నీ యంత్రం పెట్టిన హద్దులు. వాటివల్ల నాదం పల్చబడిందని నికిష్‌ను తప్పుపట్టడం అన్యాయం. సందర్భాన్ని బట్టి వేగాన్ని సడలిస్తూ, బిగిస్తూ నడిపిన తీరు మాత్రం ఆయన సొంతం. రికార్డును తూచేటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఇదే: ఏది రచన, ఏది వాదనం, ఏది యంత్రం.

1925లో విద్యుత్ రికార్డింగు, 1948లో ఎల్పీ వచ్చాయి. టేపు వచ్చాక తప్పు దొర్లిన చోటు కత్తిరించి, మంచి ముక్క అతికించే వీలు కలిగింది. అప్పటినుంచి స్టూడియో రికార్డుకూ కచేరీ రికార్డుకూ ఒకే కొలబద్ద పనికిరాదు. విల్హెల్మ్ ఫుర్ట్‌వాంగ్లర్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ముందు నిలబడిన 1947 మే కచేరీల్లో శ్రోతల దగ్గులూ ఉన్నాయి, వాద్యాలు కలవని క్షణాలూ ఉన్నాయి. అయినా ఆ ఉద్వేగం ఏ అతుకులతోనూ వచ్చేది కాదు. కార్లోస్ క్లైబర్ 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన స్టూడియో రికార్డు మరో కోవది. అందులో మొదటి భాగం ఎక్కడా పట్టు సడలకుండా పరుగెత్తుతుంది. ఆ భాగం వరకు దాన్ని మించినది దొరకడం కష్టం.

వేగం గురించి బీథోవెన్ స్వయంగా చెప్పాడు. 1817లో ప్రకటించిన మెట్రోనోమ్ గుర్తుల ప్రకారం మొదటి భాగం నిమిషానికి 108 కొలతలు (బార్‌లు) నడవాలి. చాలామంది కండక్టర్లు దాన్ని పట్టించుకోలేదు. ఆనాటి తరహా వాద్యాలతో జాన్ ఎలియట్ గార్డినర్ చేసిన రికార్డు 1994లో వచ్చింది. ఆ వేగం వాయించదగ్గదేనని అది వినిపించి చూపింది.

పోల్చి వినడానికి అనువైన చోటు ఒకటుంది. మొదటి భాగంలో రెండో ఇతివృత్తం రాకను పిలుపులా చాటేది హార్న్‌లు. అదే పిలుపు తిరిగి వచ్చేసరికి శ్రుతి మారుతుంది. ఆ స్వరాలు నాటి కవాటాలు లేని హార్న్‌లకు సులువుగా పలకవు కాబట్టి, బీథోవెన్ వాటిని బసూన్‌లకు రాశాడు. తర్వాతి కండక్టర్లు చాలామంది అది వాద్యం లోపమే తప్ప స్వరకర్త కోరిక కాదని భావించి మళ్లీ హార్న్‌లకే ఇచ్చారు. బసూన్‌ల గొంతు కాస్త పీలగా, గరగరగా వినిపిస్తుంది. హార్న్‌లది నిండుగా ఉంటుంది. ఆ నిండుదనం బాగున్నా, రాసినదాన్ని రాసినట్టు వాయించినప్పుడు పుట్టే ఆ చిన్న విస్మయమే మేలు.

మూడో భాగం నుంచి నాలుగోదానికి వేసిన వంతెన ఇంకా పెద్ద పరీక్ష. తంత్రీవాద్యాలు అతి మెల్లగా ఒకే నాదం పట్టి ఉంచుతాయి. టింపనీ లోలోపల కొట్టుకుంటుంది. చివరి కొన్ని కొలతల్లో నాదం ఉప్పెనలా పెరిగి, అప్పటిదాకా మౌనంగా ఉన్న ట్రాంబోన్‌లు, పికొలో, కాంట్రా బసూన్ కలిసి సి మేజర్‌లో విరుచుకుపడతాయి. మెల్లని చోట్లను పెంచి, గట్టి చోట్లను తగ్గించిన రికార్డులో ఈ తేడా చచ్చిపోతుంది. రెండు రికార్డులను పక్కపక్కన వినేటప్పుడు ధ్వని స్థాయి సమానంగా పెట్టుకోవడం కూడా తప్పనిసరి. కొద్దిగా గట్టిగా మోగేదే చెవికి మెరుగ్గా తోస్తుంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డులను డిజిటల్‌కు మార్చేటప్పుడు తిరిగే వేగం కొంచెం తేడా పడినా శ్రుతి, నడక రెండూ మారతాయి. కండక్టర్ వేగం మీద తీర్పు చెప్పేముందు ఆ మార్పిడి శ్రుతిని సరిచూసుకోవాలి.