లైన్ క్లియర్: ఉమ్మడి పరికరాలకు కాపలా కట్టిన పద్ధతి

సికింద్రాబాద్ నుంచి కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడకు వేసిన రైలు మార్గం 1889లో పూర్తయింది. జనగామ, మానుకోటగా జనం పిలుచుకునే మహబూబాబాద్, సింగరేణి బొగ్గు దారి విడిపోయే డోర్నకల్ ఆ మార్గం మీది ఊళ్లు. రైలుబండితో పాటు ఈ ప్రాంతంలోకి ఒక పని పద్ధతి కూడా ప్రవేశించింది. ఒకే పరికరాన్ని పలువురు వాడుకోవలసి వచ్చినప్పుడు, మనిషిని జాగ్రత్తగా ఉండమని హెచ్చరించి ఊరుకోకుండా, అజాగ్రత్త వలన కీడు జరగని విధంగా ఆ పరికరాన్నే అమర్చడం ఆ పద్ధతి సారం. నేడు హైదరాబాద్ డేటా సెంటర్లలో పలువురు అద్దెదారులు పంచుకునే క్యాబినెట్లకు కావలసినది కూడా ఇదే కనుక, దాని చరిత్రను పరిశీలించడం అవసరం.

ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు ఒకే పట్టాలను పంచుకోవాలి. రెండు స్టేషన్ల నడుమ దూరాన్ని సెక్షన్ అంటారు. ముందరి స్టేషన్ మాస్టరు తన వైపు సెక్షన్ ఖాళీగా ఉన్నదని ఇచ్చే అనుమతే లైన్ క్లియర్. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్–వాడి మార్గం మొదలైన 1874లోనే, ఇంగ్లాండులోని థోర్ప్ వద్ద తంతి వార్త విషయంలో జరిగిన పొరపాటు వలన రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. మాట మీద ఆధారపడిన అనుమతి చాలదని తేలడంతో, ఎడ్వర్డ్ టైయర్ 1878లో బిళ్ల రూపంలో అనుమతినిచ్చే టాబ్లెట్ యంత్రాన్ని రూపొందించాడు. భారతదేశపు ఒంటి లైన్లలో విరివిగా వాడిన నీల్ బాల్ టోకెన్ యంత్రం కూడా ఈ కోవలోనిదే. సెక్షన్ రెండు చివరలా విద్యుత్తుతో ముడిపడిన రెండు యంత్రాలు ఉంటాయి. ఒకదాని నుంచి లోహపు గోళాన్ని బయటికి తీస్తే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేవరకు రెండింటిలో ఏదీ మరొక గోళాన్ని ఇవ్వదు. తోలు సంచిలో పెట్టిన ఆ గోళం చేతిలో లేనిదే డ్రైవరు సెక్షన్‌లోకి బండి నడపరాదు.

అయితే యంత్రం ఎంత నిక్కచ్చిదైనా, దానిని ఎవరు ముట్టుకోవచ్చునో తేల్చకపోతే ఫలితం ఉండదు. 1921 జనవరిలో వేల్స్‌లోని అబర్‌మ్యూల్ వద్ద జరిగిన ప్రమాదం ఈ సంగతిని దారుణంగా నిరూపించింది. అక్కడి టాబ్లెట్ యంత్రాలు స్టేషన్ భవనంలో, సిబ్బంది అందరికీ అందేచోట ఉండేవి. ఒకరు చేసిన పని మరొకరికి తెలియక, వచ్చిన బండి తెచ్చిన టాబ్లెట్‌నే పరీక్షించకుండా తిరిగి దాని డ్రైవరుకు ఇచ్చారు. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తున్నది. ఆ ఢీకొట్టడంలో 17 మంది మరణించారు. యంత్రంలో లోపం లేదు. దాని చుట్టూ హద్దు లేకపోవడమే లోపం.

సిగ్నల్ కేబిన్‌లో ఈ హద్దును ఇనుముతో కట్టారు. బండిని ఒక పట్టా నుంచి మరొకదానికి మళ్లించే పాయింట్లను, సిగ్నళ్లను కదిపే మీటలు, అంటే లీవర్లు, ఒకే చట్రంలో వరుసగా ఉండేవి. పరస్పర విరుద్ధమైన రెండు సిగ్నళ్లు ఒకేసారి పడకుండా వాటి కింద కడ్డీలను ఒకదానితో ఒకటి పెనవేసే ఏర్పాటును ఇంటర్‌లాకింగ్ అన్నారు. స్టేషన్‌లో ఒక లైను మీద బండి నిలిచి ఉంటే, ఆ లైనుకు చెందిన మీట పిడికి లోహపు కాలర్ తొడిగేవారు. అలవాటు కొద్దీ చెయ్యి దాని మీదికి పోయినా, మీట లాగడానికి కుదరదు. మీటల స్థానంలో ప్యానెల్ బొత్తాలు వచ్చాక కాలర్ బొత్తాం మీదికి మారింది. సిగ్నళ్లను నడిపే విద్యుత్ పరికరాలుండే రిలే గదికి రెండు తాళాలు పడ్డాయి: ఒకదాని తాళంచెవి స్టేషన్ మాస్టరు వద్ద, రెండవది సిగ్నల్ సిబ్బంది వద్ద. మరమ్మతుకు ఏ పరికరాన్ని విప్పాలన్నా సిగ్నల్ సిబ్బంది డిస్‌కనెక్షన్ నోటీసు రాసి, స్టేషన్ మాస్టరు ఒప్పుకోలు తీసుకుని, పని ముగిశాక పరీక్షించి తిరిగి అప్పగించాలి. రైల్వేలో ఈ కాగితాన్ని టీ–351 అంటారు. సామాన్యంగా కనిపించే ఈ కాగితమే ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనదని చెప్పవచ్చు, ఎందుకంటే అది ఆగిన పనిని అందరికీ తెలిసేలా చేస్తుంది.

రైల్వేకు వెలుపల కూడా ఈ ఆలోచన ఉన్నది; తెలంగాణలోని భూపాలపల్లి ప్రాంతానికి అది కొత్తది కాదు. గణపురం చెరువు వంటి కాకతీయుల నాటి చెరువుల కింద, ఆయకట్టు రైతులందరిదీ అయిన తూమును నీరటి ఒక్కడే తెరిచి మూసే ఆచారం తెలంగాణ పల్లెల్లో సాగింది. అందుకు ప్రతిఫలంగా అతనికి పంటలో మేర దక్కేది. బొగ్గు గనులలో మండే వాయువు ఉన్నచోట వాడే రక్షణ దీపాన్ని లోపల ఎవరూ తెరవకుండా తాళం వేసి పంపేవారు. చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో నెలకొన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల, పర్మిట్ లేనిదే యంత్రం మీద పని మొదలుపెట్టరు.

రైల్వేలోని ఈ పేరే విద్యుత్ శాఖలోనూ వినిపిస్తుంది. స్తంభం ఎక్కే లైన్‌మన్ ముందుగా 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఆపరేటరు వద్ద ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఆపరేటరు బ్రేకర్ తెరిచి, వేళను, పేరును లాగ్‌బుక్కులో రాస్తాడు. ఒకే ఫీడరు మీద రెండు బృందాలు పనిచేస్తే, ఎవరి ఎల్‌సీ వారే తిరిగి ఇచ్చాకనే సరఫరా పునరుద్ధరించాలి. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్ల తీగలు సాగేచోట ఒకదానికి ఎల్‌సీ తీసుకుని, రెండవది తగిలి లైన్‌మన్లు మరణించిన వార్తలు తెలుగు పత్రికలలో తరచూ వస్తూనే ఉన్నాయి. అనుమతి ఉన్నంత మాత్రాన సరిపోదు. అది ఏ తీగకు చెందినదో కూడా తేటతెల్లంగా ఉండాలి.

రైలు పట్టాల నుంచి డేటా సెంటర్‌కూ ఒక దారి ఉన్నది: 2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ పట్టాల పక్కన వేసిన ఆప్టికల్ ఫైబర్ మీద వ్యాపారం నడుపుతూ, సికింద్రాబాద్‌లో డేటా సెంటర్‌ను నెలకొల్పింది. డేటా సెంటర్లలో సర్వర్లు ఉంచే ఇనుప బీరువాను క్యాబినెట్ లేదా రాక్ అంటారు. ఎత్తును యూ అనే కొలతలో లెక్కిస్తారు. ఒక యూ 44.45 మిల్లీమీటర్లు, మామూలు క్యాబినెట్ 42 యూ. చిన్న సంస్థలు అందులో సగాన్నో, పావునో అద్దెకు తీసుకుంటాయి. ఒకరు బరువైన సర్వర్‌ను బయటికి లాగుతుంటే పొరుగువారి కేబుల్ ఊడిపోవచ్చు; ఒకేలా కనిపించే ప్లగ్గులలో తప్పుడుది పీకవచ్చు; ఒకరు అదనపు భారం వేస్తే ఉమ్మడి బ్రేకర్ పడిపోయి అందరి యంత్రాలూ ఆరిపోవచ్చు. ప్రతి అద్దెదారు అరకూ వేరు తలుపు, వేరు తాళం, వేరు బ్రేకర్; లాగినా ఊడని ప్లగ్గులు; రెండు విద్యుత్ మార్గాలకు రెండు రంగుల కేబుళ్లు; ప్రతి కేబుల్ రెండు చివరలా పేరు చీటీ ఉంటే ఈ ముప్పులు చాలావరకు తొలగిపోతాయి. అయితే తాళాల మీద ఉన్నంత శ్రద్ధ చీటీల మీద ఉండదు.

ఆ అశ్రద్ధ ఎంత భారమైనదో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్ వద్ద దేశం చూసింది. లెవల్ క్రాసింగ్ వద్ద సిగ్నల్ పెట్టెలోని తీగలకు తప్పుడు పేర్లు ఉండడం, అది ఏళ్ల తరబడి బయటపడకపోవడం, మరమ్మతులో తీగలు తారుమారు కావడం కారణాలని విచారణలో తేలింది. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొని, 290 మందికి పైగా చనిపోయారు. తెలంగాణ డేటా సెంటర్ల నిర్వాహకులు రైల్వేవారి డిస్‌కనెక్షన్ నోటీసును తమ ఉమ్మడి క్యాబినెట్లకు ఉన్నదున్నట్టుగా స్వీకరించాలి: ఏ కేబుల్ విప్పుతున్నారో రాసి, పొరుగు అద్దెదారుకు ముందుగా తెలిపి, పని ముగిశాక పేరు చీటీలను, కేబుళ్ల పటాన్ని సరిచూసి సంతకం చేసిన తర్వాతనే తలుపు మూయాలి.