నల్లపిత్తం నుంచి డిప్రెషన్ దాకా

పరీక్షలో మార్కులు తగ్గితే చాలు, "నాకు డిప్రెషన్ వచ్చేసింది" అని మనం తేలిగ్గా అనేస్తాం. రెండు రోజులు పోతే ఆ బాధ తగ్గిపోతుంది. డాక్టర్లు డిప్రెషన్ అనేది దీన్ని కాదు. వాళ్లు చెప్పే అర్థం వెనుక రెండు వేల ఏళ్లకు మించిన చరిత్ర ఉంది.

ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయని, వాటిలో నల్లపిత్తం ఎక్కువైతే మనిషిని దిగులు పట్టుకుంటుందని ప్రాచీన గ్రీకు వైద్యులు నమ్మేవారు. ఆ జబ్బుకు మెలాంకోలియా అని పేరు పెట్టారు. ఆ మాటకు నల్లపిత్తం అనే అర్థం. మన చరకసంహిత కూడా విషాదం రోగాన్ని పెంచుతుందని చెప్పింది. నల్లపిత్తం అనేదే లేదని తర్వాత తేలింది. అయినా దిగులు దెయ్యం పని కాదు, జబ్బు అని అంత పూర్వమే చెప్పడం గొప్ప విషయం.

1899లో జర్మనీ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ మనోవ్యాధులను రెండు పెద్ద గుంపులుగా విడదీశాడు. విపరీతమైన హుషారునీ, లోతైన దిగులునీ ఒకే గుంపులో పెట్టాడు. 1957లో కార్ల్ లియొన్‌హార్డ్ ఇంకో అడుగు వేశాడు. దిగులు మాత్రమే వచ్చేవాళ్లు వేరు, హుషారు, దిగులు రెండూ మారి మారి వచ్చేవాళ్లు వేరు అన్నాడు. ఈ రెండో రకాన్నే ఇప్పుడు బైపోలార్ అంటున్నాం. ఈ తేడా తెలియడం చాలా అవసరం. ఎందుకంటే బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉద్రేకం పెరిగే ప్రమాదం ఉంది.

1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలో స్పష్టమైన గుర్తులు రాసింది. ఈనాడు చెప్పుకునే ముఖ్యమైన రకాలు ఇవి:

1. మేజర్ డిప్రెషన్: కనీసం రెండు వారాలపాటు దాదాపు రోజంతా దిగులు, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం. దాంతోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత మారిపోవడం.
2. డిస్తీమియా: అంత తీవ్రంగా ఉండదు కానీ ఏళ్ల తరబడి వదలదు. "వాడి స్వభావమే అంత" అని ఇంట్లోవాళ్లు పొరబడతారు.
3. బైపోలార్: పైన చెప్పుకున్నదే.
4. ప్రసవం తర్వాత వచ్చేది: తల్లికి వస్తుంది. "బిడ్డ పుట్టాక కూడా ఏడుపేమిటి" అని ఆమెను తిట్టకూడదు.
5. ఋతువును బట్టి వచ్చేది: చలిదేశాల్లో ఎండ తగ్గే కాలంలో ఎక్కువ. 1984లో నార్మన్ రోజెంతాల్, ఆయన తోటివారు దీన్ని వివరించారు.

పిల్లల్లో మాత్రం దిగులు బదులు చిరాకు, కోపం కనిపించవచ్చు. అందుకే దాన్ని పొగరు అనో, బద్ధకం అనో అనుకుంటారు. తల్లిదండ్రులు, టీచర్లు గమనించాల్సింది ఇక్కడే.

ఈ చరిత్రలో మన బెంగళూరుకు కూడా చోటుంది. ఒకప్పుడు పిచ్చాసుపత్రి అని పిలిచిన చోటే 1925లో మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అయింది. 1954లో అక్కడే చదువు చెప్పే సంస్థ వచ్చింది. 1974లో రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. పేరు మారినట్టే చూపు కూడా మారింది. మనుషుల్ని మూసిపెట్టే చోటు నయం చేసే చోటు అయింది.

2022లో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేస్తే ఏ వేళనైనా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. డబ్బు కట్టక్కరలేదు.

ఏ రకమో తేల్చడం డాక్టరు పని. మన పని గమనించడం. ఎప్పుడూ ఆడే స్నేహితుడు వారాల తరబడి ఆటకు రాకపోతే పక్కన కూర్చుని అడుగుదాం. చచ్చిపోవాలని ఉంది అని ఎవరైనా అంటే మాత్రం అది రహస్యంగా దాచకూడదు. వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకో, టీచరుకో చెప్పాలి. జ్వరం వస్తే దాచుకోం కదా, దీన్ని మాత్రం ఎందుకు దాచాలి?