సొంత సొమ్ములా చూసుకోవడం: ‘తగిన జాగ్రత్త’కు చట్టం పెట్టిన కొలత

ఇంగ్లండ్‌లో ఒకాయన తన పొలం సరిహద్దున గడ్డివామి వేశాడు. గట్టు అవతల పొరుగువాడి ఇళ్లున్నాయి. వామి లోపల మగ్గి వేడెక్కుతోందని, నిప్పు పుట్టవచ్చని ఇరుగుపొరుగువారు కొన్ని వారాలపాటు చెబుతూనే వచ్చారు. ఆయన వామి మధ్యలో పొగగొట్టంలాంటి రంధ్రం చేయించి ఊరుకున్నాడు. చివరకు వామి తనంతట తానే అంటుకుంది. ఆ మంటలకు పొరుగువాడి ఇళ్లు కాలిపోయాయి.

1837లో విచారణకు వచ్చిన ‘వాన్ వర్సెస్ మెన్‌లవ్’ కేసు కథ ఇది. తనకు తోచినంతలో మంచి ఉద్దేశంతోనే నడుచుకున్నానని, తెలివి తక్కువైనందుకు తనను శిక్షించడం తగదని ప్రతివాది వాదించాడు. ప్రధాన న్యాయమూర్తి టిండల్ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఎవరి బుద్ధిని బట్టి వారికి కొలత పెడితే, ఎవరి అడుగుతో వారు నేల కొలుచుకున్నట్టే అవుతుందని, అలాంటి కొలత కొలతే కాదని ఆయన భావం. మామూలు వివేకమున్న మనిషి అదే చోట, అదే పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడన్నదే ప్రశ్నగా నిలిచింది.

ముప్పై అయిదేళ్ల తర్వాత ఆ ‘మామూలు వివేకమున్న మనిషి’ భారత కాంట్రాక్టు చట్టంలోకి వచ్చాడు. 1872 నాటి ఆ చట్టంలోని 151వ సెక్షన్ ఇప్పటికీ అమల్లో ఉంది. ఒకరి వస్తువు మరొకరి చేతికి అప్పగింతగా వెళ్లినప్పుడు ఆ వస్తువును ఎంత జాగ్రత్తగా చూడాలో అది చెబుతుంది. చట్టం ఈ అప్పగింతను బెయిల్‌మెంట్ అంటుంది. అదే పరిమాణం, అదే నాణ్యత, అదే విలువ గల సొంత వస్తువును మామూలు వివేకమున్న మనిషి అలాంటి పరిస్థితుల్లో ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అంత జాగ్రత్త చూపాలన్నది దాని సారాంశం. రసీదు మీద అచ్చువేసిన షరతుతో ఈ కొలతను తగ్గించుకోవచ్చా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఇల్లడ నుంచి బెయిల్‌మెంట్ దాకా

అప్పగింత మనకు కొత్త కాదు. నమ్మకం మీద దాచమని ఇచ్చిన సొమ్ముకు పాత తెలుగులో ‘ఇల్లడ’ అనే పేరుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం, యాజ్ఞవల్క్య స్మృతి నిక్షేపాల గురించి విడిగా చర్చించాయి. రాజు వల్ల గానీ, దైవికంగా గానీ, దొంగల వల్ల గానీ పోయిన నిక్షేపాన్ని దాచినవాడి చేత ఇప్పించనక్కర లేదని యాజ్ఞవల్క్యుడి మాట. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. దాన్ని పదమూడో శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేశాడు. దాచినవాడి తప్పు లేకుండా పోయిన సొమ్ముకు అతణ్ని బాధ్యుణ్ని చేయకూడదన్న ఆలోచన కాంట్రాక్టు చట్టం కంటే ఎన్నో శతాబ్దాల ముందే ఈ నేల మీద ఉందన్నమాట.

ఇంగ్లిష్ న్యాయం మరో దారిలో నడిచింది. ఒక నేలమాళిగ నుంచి మరో నేలమాళిగకు బ్రాందీ పీపాలను ఉచితంగా చేరవేస్తానని ఒప్పుకున్న వ్యక్తి నిర్లక్ష్యం వల్ల పీపా పగిలింది. 1703 నాటి ఆ ‘కాగ్స్ వర్సెస్ బెర్నార్డ్’ కేసులో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ అప్పగింతలను ఆరు రకాలుగా విడదీశాడు. ఎవరి లాభం కోసం అప్పగించారన్న దాన్ని బట్టి జాగ్రత్త స్థాయి మారుతుంది. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన విలియం జోన్స్, అంతకు మూడేళ్ల ముందు 1781లో, ఇదే విషయం మీద ఒక గ్రంథం ప్రచురించాడు.

భారత చట్టం ఈ మెట్లన్నింటినీ చదును చేసింది. 151వ సెక్షన్ ‘అన్ని అప్పగింతల్లోనూ’ అన్న మాటతో మొదలవుతుంది. కూలి తీసుకుని దాచినా, స్నేహం కొద్దీ ఊరికే దాచినా కొలత ఒక్కటే. అయితే ఆ కొలత వస్తువుతో పాటు మారుతుంది. ఇనుప కడ్డీలు ఆరుబయట ఉంటే ఎవరూ తప్పుపట్టరు. పట్టుచీరలను అలా వదిలేస్తే తప్పే.

తాళంచెవి ఎవరి దగ్గర?

జాగ్రత్త గురించి అడిగే ముందు, అసలు అప్పగింత జరిగిందా అని కోర్టులు చూస్తాయి. మద్రాసు హైకోర్టు 1930లలో ఇచ్చిన ఒక తీర్పు దీనికి మంచి ఉదాహరణ. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ కోర్టు పరిధిలోనే ఉండేవి. ఒకామె పాత నగలు కరిగించి కొత్తవి చేయమని కంసాలికి ఇచ్చింది. ప్రతి సాయంత్రం సగం తయారైన నగలను ఆమె తిరిగి తీసుకుని, కంసాలి గదిలోని పెట్టెలో పెట్టి, తాళంచెవి తన వెంట తీసుకెళ్లేది. ఒక రాత్రి నగలు పోయాయి. సాయంత్రం నగలు ఆమె చేతికి తిరిగి చేరగానే అప్పగింత ముగిసిందని, రాత్రి జరిగిన నష్టానికి కంసాలి బాధ్యుడు కాడని కోర్టు తేల్చింది.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే సంఘటన 1998 ఆగస్టు 1న ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌లో జరిగింది. ఒక అతిథి రాత్రి పదకొండింటికి తన మారుతీ జెన్ కారును, తాళంచెవిని పార్కింగ్ సిబ్బందికి అప్పగించి లోపలికి వెళ్లాడు. ఒంటి గంటకు తిరిగి వచ్చేసరికి కారు లేదు. సిబ్బంది దగ్గరున్న తాళంచెవిని మరొకడు తీసుకుని కారుతో ఉడాయించాడు. కారును యజమాని పూచీ మీదే నిలుపుతున్నామని, నష్టానికి హోటల్ బాధ్యత వహించదని టోకెన్ మీద అచ్చువేసి ఉంది.

టోకెన్ మీద అక్షరాలు

151వ సెక్షన్ ప్రకారం జాగ్రత్త తీసుకున్నవాడు, ‘ప్రత్యేక ఒప్పందం లేని పక్షంలో’, నష్టానికి బాధ్యుడు కాడని 152వ సెక్షన్ చెబుతుంది. వివాదమంతా ఈ ప్రత్యేక ఒప్పందం చుట్టూనే. దాన్ని అడ్డం పెట్టుకుని, తమ నిర్లక్ష్యానికి కూడా తాము బాధ్యులం కామని వ్యాపారులు రాసుకుంటూ వచ్చారు.

మద్రాసులో ఒక లాండ్రీ ఇలాగే చేసింది. బట్టలు పోతే మార్కెట్ ధరలో కొంత భాగమే ఇస్తామని రసీదు మీద అచ్చువేసింది. ఉతకడానికి ఇచ్చిన కొత్త చీర పోయింది. ఇలాంటి షరతు చెల్లితే ఖరీదైన చీర పోగొట్టిన లాండ్రీకే లాభమవుతుంది. అది ప్రజాహితానికి విరుద్ధమని మద్రాసు హైకోర్టు 1960లలోనే చెప్పింది.

తాజ్‌మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబర్ 14న తీర్పు ఇచ్చింది. జస్టిస్ మోహన్ శాంతనగౌడర్, జస్టిస్ అజయ్ రస్తోగీల ధర్మాసనం అందులో మూడు విషయాలు తేల్చింది. అతిథి సొత్తు ఎలా పోయినా హోటలే ఇచ్చుకోవాలన్న కఠిన నియమం వర్తించదు. కారు, తాళంచెవి చేతికి వచ్చాక మాత్రం తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం హోటల్‌దే. తన నిర్లక్ష్యం, తన సిబ్బంది నిర్లక్ష్యం వల్ల కలిగే నష్టం నుంచి షరతు రాసుకుని తప్పించుకోవడం కుదరదు. బయటివారి వల్ల జరిగిన నష్టం గురించి షరతు ఉన్నా, ముందు ఆ నిరూపణ జరిగాకే దాన్ని చదవాలి.

వీటిలో రెండోది సామాన్యుడికి అన్నిటికంటే విలువైంది. గోదాములోనో గ్యారేజీలోనో రాత్రి ఏం జరిగిందో బయటివాడికి తెలియదు. లోపలివారి నిర్లక్ష్యాన్ని అతడే రుజువు చేయాలంటే దావా వేయడమే వృథా. అలాగని దాచినవాడికి రక్షణ లేకపోలేదు. అంతకు ముందెన్నడూ రాని వరదలో ధాన్యం పాడైన కేసులో దాచినవాడు బాధ్యుడు కాడని అలహాబాద్ హైకోర్టు 1930లలో చెప్పింది. ఏటా వచ్చే వరదకైతే ఆ సాకు చెల్లదు.

లాకరు

బ్యాంకు లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు. ఒక తాళంచెవి ఖాతాదారు దగ్గరే ఉంటుంది. కంసాలి పెట్టె కేసును గుర్తుచేసే ఈ పరిస్థితిలో, ఇది అప్పగింతే కాదని బ్యాంకులు చాలాకాలం వాదించాయి. కలకత్తాలో ఒక బ్యాంకు, అద్దె కట్టి ఉన్నా, ఖాతాదారుకు చెప్పకుండా 1994లో లాకరు పగలగొట్టింది. ఏడు నగలకు రెండే మిగిలాయని ఖాతాదారు ఫిర్యాదు. 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు అది అప్పగింతా కాదా అన్న చర్చను పక్కనబెట్టింది. ఆ చర్చతో నిమిత్తం లేకుండానే, లాకర్ల నిర్వహణలో తగిన జాగ్రత్త తీసుకోవడం బ్యాంకు విధి అని ప్రకటించింది. ఖాతాదారుకు అయిదు లక్షల పరిహారం ఇవ్వాలని ఆ బ్యాంకును, ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని రిజర్వు బ్యాంకును ఆదేశించింది.

అదే ఏడాది ఆగస్టు 18న వచ్చిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల లాకరులోని సొత్తు పోతే, బ్యాంకు ఏడాది అద్దెకు వంద రెట్లు చెల్లించాలి. ఏడాదికి 3,000 రూపాయల అద్దె కట్టేవారికి 3 లక్షలు. ఖాతాదారు తప్పు లేదా నిర్లక్ష్యం వల్ల, ప్రకృతి వైపరీత్యం వల్ల కలిగే నష్టానికి బ్యాంకు బాధ్యత ఉండదు. ఇది ఒక అడుగు ముందుకే గానీ, జాగ్రత్త ప్రశ్న ఇక్కడ అద్దె లెక్కగా మారింది. తరతరాల నగల విలువకూ లాకరు అద్దెకూ పొంతన లేదు.

గిడ్డంగి రసీదు

తెలుగు నేల మీద ఈ కొలత అవసరం ఎక్కువగా కనిపించేది గుంటూరు శీతల గిడ్డంగుల దగ్గర. ధర వచ్చేదాకా రైతు మిర్చి టిక్కీలను అక్కడ దాచుకుంటాడు. చల్లదనం తగ్గితే రంగు పోతుంది, తేమ చేరితే బూజు పడుతుంది. ఇలాంటి నిల్వ విషయంలో 2007 నాటి గిడ్డంగుల చట్టం 151వ సెక్షన్ కంటే ఇంకాస్త గట్టి మాట వాడింది. గిడ్డంగి నిర్వాహకుడు చూపవలసింది జాగ్రత్త, మెలకువ గల యజమాని శ్రద్ధ.

పార్లమెంటు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. 152వ సెక్షన్‌లోని ‘ప్రత్యేక ఒప్పందం’ దాచినవాడి బాధ్యతను పెంచడానికే గానీ, 151వ సెక్షన్ కొలత కంటే తగ్గించడానికి కాదని స్పష్టంగా రాయాలి. హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చట్టంలోకి వస్తే, లాండ్రీ మీద, గ్యారేజీ మీద మళ్లీ మళ్లీ వాదించే పని తప్పుతుంది. ఈలోగా రైతులు, వినియోగదారులు ఒక పని చేయాలి. సరుకు అప్పగించేటప్పుడే బరువు, రకం, నాణ్యత, తేదీ రసీదు మీద రాయించుకుని భద్రపరచుకోవాలి. నష్టం జరిగితే ‘బాధ్యత మాది కాదు’ అన్న అచ్చుమాట చూసి వెనుదిరగకుండా, ఆ రసీదుతో వినియోగదారుల కమిషన్ తలుపు తట్టాలి.