నాడి వద్దు, ఊపిరి చూడు
మత్తుమందు వికటించినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండె కొట్టుకోవడమా? 19వ శతాబ్దిలో ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడ్డ వైద్యుడికి ఇది ప్రాణాల మీది ప్రశ్న. 1847 నవంబరులో ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫాం వాడకాన్ని ప్రకటించాడు. మూడు నెలలైనా తిరగకముందే, 1848 జనవరిలో, న్యూకాజిల్ దగ్గర కాలిగోరు తీయించుకోబోయిన పదిహేనేళ్ళ హానా గ్రీనర్ ఆ మత్తులోనే చనిపోయింది. గుండె ఆగిందని లండన్ వైద్యులు అనుమానించారు. ఊపిరి కనిపెట్టి ఉంటే చాలు, నాడితో పనిలేదని ఎడిన్‌బరో గురువు సైమ్ బోధించాడు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల పెద్దగా ఉంటూ ఆ పాఠాన్నే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి తెచ్చాడు.

పాఠాన్ని రుజువు చేయడానికి 1888లో ఒక కమిషన్ కూర్చుంది. దాని తీర్పును లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. ఆ పత్రిక ప్రతినిధిని రప్పించడానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌన్లు ఇచ్చాడు. అలా 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్‌ది గుండె పక్షం. వందలాది జంతువుల మీద పరీక్షలు సాగాయి. తిరిగే డ్రమ్ము మీది మసి కాగితంపై రక్తపోటు గీతలు పడ్డాయి. ఊపిరి ఆగాకే గుండె ఆగుతోందని బ్రంటన్ ఒప్పుకొని పత్రికకు తంతి పంపాడు. ఈ బృందంలో పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. మన చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దొరికిన చోటు మాత్రం చాలా తక్కువ.

నిజాం సొమ్ముతో లారీ గురువు మాట నెగ్గించుకున్నాడని అనడం తేలికే. కానీ ఎదుటి పక్షం మనిషే గీతలు చూసి మాట మార్చుకున్నాడు గనక ఆ ఆరోపణ నిలవదు. లోపం వేరే చోట ఉంది. కమిషన్ ఎక్కువగా మోతాదు మించినప్పుడు ఏమవుతుందో చూసింది. 1911 ప్రాంతంలో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది: మత్తు పలుచగా ఉన్నప్పుడు ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, ఊపిరి ఆడుతుండగానే ఆగిపోగలదు. వందల జంతువుల లెక్క అడగని ప్రశ్నకు జవాబివ్వలేకపోయింది. వేరేచోట్ల చావుల వార్తలు వచ్చినప్పుడల్లా మందు ఇచ్చినవాడి అజాగ్రత్త అని లారీ కొట్టిపారేయడం ఇంకా పెద్ద తప్పు. ఆ ధీమా వల్ల క్లోరోఫాం మీద ఉండాల్సిన భయం సన్నగిల్లింది.

అయితే కమిషన్ శ్రమంతా వృథా అనడమూ న్యాయం కాదు. మోతాదు మించితే ముందుగా హెచ్చరించేది ఊపిరే. ఛాతీ మీంచి కన్ను తిప్పొద్దని నేర్పిన క్రమశిక్షణ నిజంగానే ప్రాణాలు కాపాడగలిగేది. లారీ పాఠంలో సగం నిలిచింది, నాడి చూడొద్దన్న సగం కొట్టుకుపోయింది. ఇవాళ ఆపరేషన్ గది మానిటరు మీద ఊపిరి గీత, గుండె గీత రెండూ పక్కపక్కనే నడుస్తాయి. క్లోరోఫాం మాత్రం ఆ గదుల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది.