కోవన్ బ్రిడ్జి బోర్డింగులో పది నెలలు

మన సంఘములలో బోర్డింగు అన్నము తిని పెద్దలైనవారు పలువురు కలరు. వారు షార్లెట్ బ్రాంటె వ్రాసిన 'జేన్ ఐర్' నవల చదివినచో, అందలి లోవుడ్ పాఠశాల ఎక్కడిదని తప్పక అడుగుదురు.

అది ఇంగ్లండులోని కోవన్ బ్రిడ్జి. బీద గురువుల కుమార్తెల కొరకు కారస్ విల్సన్ అను గురువుగారు 1824లో దానిని స్థాపించిరి. ఏడాదికి రుసుము 14 పౌండ్లు, తక్కినది చందాలు. భార్యను పోగొట్టుకొనిన హావర్త్ గురువుగారు పాట్రిక్ బ్రాంటె తమ నలుగురు కుమార్తెలను ఆ యేడే అక్కడ చేర్చిరి. షార్లెట్‌కు అప్పుడు ఎనిమిదేండ్లు.

ఉద్దేశము మంచిదే. కాని వంటయింటిని చూచువారు లేరైరి. మాడిన గంజి పిల్లలు తినలేకపోయిరి. ఆదివారము రెండు మైళ్లకు మించి నడిచి, తడిసిన పాదములతోనే టన్‌స్టల్ దేవాలయములో కూర్చుండిరి. 1825లో పెద్దక్క మరియ మే నెలలోను, రెండవ అక్క ఎలిజబెత్ జూన్ నెలలోను, క్షయతో ఇల్లు చేరి ప్రభువునందు నిద్రించిరి. వారికి పదకొండేండ్లు, పదేండ్లు. తండ్రి షార్లెట్‌ను, ఎమిలీని ఇంటికి తెచ్చుకొనిరి.

ఇరువది రెండేండ్ల పిమ్మట, 1847లో, మరియయే ఆ నవలలో హెలెన్ బర్న్స్ అయినది. అంత ఓర్పుగల పిల్ల యుండునా యని కొందరు సందేహించిరి. తాను ఏమియు పెంచి వ్రాయలేదనియు, అక్కను గూర్చి జ్ఞాపకమున్నవి చాలా విడిచిపెట్టితిననియు షార్లెట్ జాబు వ్రాసెను. ఆ విడిచినవాటి బరువే ఆ పుటలలో నున్నదని నా తలంపు.

ఆమె 1855లో మరణించెను. 1857లో గ్యాస్కెల్ దొరసానిగారు ఆమె జీవితచరిత్రలో పాఠశాల పేరు బయటపెట్టగా, విల్సన్‌గారి పక్షమువారు పత్రికలలో వాదమునకు దిగిరి. జనులు ఆ స్థలమును ఇంత వెంటనే గుర్తింతురని తెలిసియుండిన అట్లు వ్రాయకపోదునని షార్లెట్ దొరసానిగారితో అనియుండెను. అయినను వ్రాసినదానిలో అబద్ధమున్నదని మాత్రము ఒప్పుకొనలేదు.