బడిలో పుట్టిన కోచ్: రహీం సాబ్ లెక్క

భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు సర్కారు బడిలో పీఈటీ సారంటే ప్రార్థనప్పుడు విజిల్ ఊదే మనిషి. పంద్రాగస్టుకు కవాతు చేయిస్తాడు, లెక్కల సారు సెలవు పెడితే ఆ క్లాసులో పోయి కూచుంటాడు. కోచ్ అంటే మాత్రం మన మనసులో ఇంకో బొమ్మ ఉంటుంది. ఆయన టీవీలో కనబడతాడు, దేశాన్ని గెలిపిస్తాడు. ఈ రెండు పనుల మధ్య ఇంత ఎడం ఉందనుకుంటే భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అర్థం కాడు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది గానీ, తెర మీద మిగిలింది 1962 జకార్తా ఆసియా క్రీడల పతకమే. ఆ పతకానికి ముందు హైదరాబాద్ బడుల్లో గడిచిన ఏళ్లే అసలు కథ అని నా వాదన. రహీం గొప్ప కోచ్ అయ్యాక పాఠం చెప్పలేదు. పాఠం చెప్పడం వచ్చు గనుకే గొప్ప కోచ్ అయ్యాడు.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియాలో డిగ్రీ చదివి ఉపాధ్యాయుడయ్యాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, తర్వాత దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లు. నడుమ వ్యాయామ విద్యలో శిక్షణ తీసుకుని, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత చూశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాక ఆయన పెట్టించిన పోటీలను చూస్తే బడి వాసన గుప్పుమంటుంది. ఒక టోర్నీలో బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ పోకూడదు, అందగానే ఇంకొకరికి వేసేయాలి. ఇంకో టోర్నీలో వాటం లేని కాలితోనే ఆడాలి. ఆటగాడికి వచ్చినదాన్ని పక్కన పెట్టించి రానిదాన్నే పరీక్షలో అడగడం పంతులు పని. ఎక్కాలు వచ్చినవాడిని భిన్నాల దగ్గర నిలబెట్టినట్టే ఇదీ. గెలుపు కోసమే చూసే శిక్షకుడికి ఇంత ఓపిక ఉండదు, ఎందుకంటే ఆ టోర్నీల్లో కప్పు ఎవరికొచ్చినా ఒరిగేదేం లేదు. ఫలితం ఐదారేళ్ల తర్వాత ఎక్కడో తేలుతుంది.

తేలింది కూడా. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ తెచ్చింది. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. హైదరాబాద్‌లో ఆటగాళ్లకు కొదవ లేదు, సికింద్రాబాద్ దండు పుణ్యమా అని ఫుట్‌బాల్ ముందునుంచే ఉంది, పోలీసు కొలువు తిండి పెట్టింది, ఇందులో పంతులు గొప్పేముంది అనవచ్చు. నిజమే, వట్టి నేలలో ఎవరూ పంట తీయలేరు. కానీ ఆ మాటకొస్తే కలకత్తాకు అంతకన్నా పెద్ద క్లబ్బులు, ఎక్కువ డబ్బు, ఎక్కువ జనం ఉన్నారు. ఉన్న ప్రతిభే చాలునంటే, ఆ ఐదేళ్లలో ఒక్కసారైనా ఆ కప్పు అటు పోవాలి కదా.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి ఉంది. రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కిన నాలుగో స్థానం గురించి గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ ఆడింది పదకొండు జట్లే. మనతో తొలి మ్యాచ్ ఆడాల్సిన హంగరీ తప్పుకుంది. ఆస్ట్రేలియాను 4-2తో కొట్టగానే సెమీస్‌కు చేరిపోయాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ ఎంత ముద్దొచ్చినా ఈ లెక్కను దాచకూడదు. అందుకే స్థానం వదిలేసి స్కోర్లు చూడాలి. 1952లో హెల్సింకి చలిలో, మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడిన మ్యాచ్‌లో యుగోస్లావియా 10-1తో తొక్కేసింది. నాలుగేళ్ల తర్వాత సెమీస్‌లో అదే యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడాం, కానీ పది గోల్స్ తిన్న జట్టు కాదది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1, హంగరీ చేతిలో 2-1. ఒక్క మ్యాచ్ అదృష్టం అనుకోవచ్చు. ఎనిమిదేళ్ల పాటు యూరప్ జట్లతో తేడా తగ్గుతూ వస్తే దానికి చదువు అనే పేరే సరిపోతుంది.

ఆ చదువుకు చివరి పరీక్ష 1962 ఆసియా క్రీడలు. అప్పటికే రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నాడు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని భారత ప్రతినిధి సోంధీ తప్పుబట్టడంతో జకార్తా జనం మన మీద మండిపడుతున్నారు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని బెంచీ మీద కూచోబెట్టలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు. గోల్స్ పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్‌లవి. ఉన్న పిల్లవాడిని ఏ బెంచీలో కూచోబెడితే పనికొస్తాడో తెలియడం కన్నా పంతులుకు పెద్ద విద్య ఏముంటుంది?

1963 జూన్ 11న రహీం పోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో భారత పురుషుల ఫుట్‌బాల్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యం వెనక కూడా ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ ఉన్నాడు. అంత గొప్ప గురువైతే ఆయనతోనే చదువు ఎందుకు ఆగిపోయింది అన్నది న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఒకటే. ఆయన వెళ్లాక కోచ్‌లను వెతికారు, విదేశాల నుంచి కూడా తెచ్చారు. ఆ చిన్న టోర్నీలను నడిపే ఆటల సారును మాత్రం వెతకలేదు. పై అంతస్తుకే సున్నం కొడుతూ పునాదిని వదిలేశారు. ఆ పునాది విలువ ఇప్పటికీ కనబడుతూనే ఉంది. ఉమ్మడి వరంగల్‌లోని కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమెకు శిక్షణ ఇచ్చిన ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేష్ పేరు పత్రికల్లో చదివాం. కానీ ఆ పిల్ల పరుగును మొదట పసిగట్టింది ఊరి బడిలోని పీఈటీ సారు.